ల్యాప్‌టాప్‌లు రాని బడి

పటాన్‌చెరులోని ఒక కంపెనీ తన సేవా నిధులతో తొమ్మిదో తరగతి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇస్తానంది. ఆ పని చేసిపెట్టే చిన్న సంస్థలో నేను ఉద్యోగిని. పథకం ఎలా నడవాలో, దానివల్ల పిల్లలకు మేలు జరిగిందో లేదో ఎలా తేల్చాలో రాసింది నేనే. కంది దగ్గర ఒక సర్కారు బడికి ల్యాప్‌టాప్‌లు ఇద్దాం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట అవతల అలాంటిదే మరో బడికి ఏమీ ఇవ్వకుండా ఉంచుదాం, రెండు చోట్లా ఏడాది మొదట్లోనూ చివర్లోనూ ఒకే పరీక్ష పెడదాం అన్నాను. రెండు బడుల మధ్య వచ్చే తేడాయే ల్యాప్‌టాప్‌ల వల్ల కలిగిన లాభం. మీటింగులో అందరూ బాగుందన్నారు. నాకూ గర్వంగానే అనిపించింది.

వానలు మొదలైన రోజుల్లో, ఏమీ ఇవ్వని ఆ బడికి మొదటి పరీక్ష పెట్టడానికి వెళ్లాను. కాగితాలు పంచుతుంటే ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్నకు కొంచెం పొలం ఉందట, అది చూసుకుంటూనే కంపెనీ బస్సెక్కి షిఫ్టులకు వెళ్తాడట.

"మేడమ్, కంది బడోళ్లకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చిన్రంట గద. మాక్కూడ ఇస్తరా?"

క్లాసంతా నా వైపు తిరిగింది. మేం ఇవ్వబోమని నాకు తెలుసు. అయినా ఆ ముఖాలు చూస్తూ లేదని అనలేకపోయాను.

"ముందు బాగా రాయండి, చూద్దాం" అన్నాను.

మా నాన్న గుంటూరు వైపు నుంచి ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చిన మనిషి. సైకిలు కావాలన్నా సినిమాకు వెళ్దామన్నా ఆయన చూద్దాం అనేవాడు. అంటే లేదని మాకు అర్థమైపోయేది. ఆ పిల్లలకు అలా అర్థం కాలేదు.

ఏడాది గడిచింది. కంది బడిలో కొన్ని ల్యాప్‌టాప్‌లు బాగానే వాడారు. కొన్నింటిని, పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో టీచర్లు బీరువాలోనే పెట్టి తాళం వేశారు. చివరి పరీక్షకు రెండో బడికి వెళ్లేసరికి పిల్లలందరూ నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నారు.

ఆ బడి హెడ్మాస్టరు పెద్దసారు మురిసిపోతూ చెప్పారు. "పొద్దుగాల జల్దీ వచ్చి సదువుకుంటున్నరు మేడమ్. మీరు మళ్ల వస్తరని ఒకటే పట్టుదల."

ఎందుకని నేను అడగలేదు. సంతోషించాను. పరీక్ష అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"అందరం మంచిగ రాసినం మేడమ్. ఇగ ఎప్పుడిస్తరు?"

"ఏమిటమ్మా?"

"ల్యాప్‌టాప్‌లు. మంచిగ రాస్తే ఇస్తమన్నరు గద మీరు!"

నేను అలా అనలేదు. కానీ అలా వినిపించేటట్టే అన్నాను. "ఆఫీసులో మాట్లాడతాను" అని బయటపడ్డాను. ఆటో ఎక్కి సంగారెడ్డిలోని మా ఆఫీసుకు వచ్చేశాను.

పేపర్లు దిద్దితే రెండు బడుల పిల్లలూ దాదాపు సమానంగా మెరుగుపడ్డారు. తేడా లేదు. కంపెనీ ఆఫీసరు ఆ రిపోర్టు చూసి, "అంటే ల్యాప్‌టాప్‌ల వల్ల ఒరిగిందేమీ లేదన్నమాట" అన్నాడు. రెండో బడి పిల్లలు దాన్ని పోటీ అనుకుని చదివారనీ, నా మాట వల్లే లెక్క చెడిపోయిందనీ చెప్పాను. రిపోర్టులో కూడా రాశాను. ఆయన నవ్వి, "మంచిదే కదా మేడమ్, ఖర్చు లేకుండా చదివించారు" అన్నాడు. మరుసటి ఏడాది నిధులు మొక్కలు నాటడానికి వెళ్లాయి. ల్యాప్‌టాప్ కోసం ఆ పిల్లలు చదివిన చదువే ల్యాప్‌టాప్‌లు ఇంకెవరికీ రాకుండా చేసింది. అది పట్టించుకున్నది నేనొక్కదాన్నే.

ఎవరూ వెళ్లమనకపోయినా ఆ బడికి వెళ్లాను. తాను చెప్తానని పెద్దసారు అన్నారు. వద్దని నేనే, వాళ్లు అప్పటికి చేరిన పదో తరగతి గదిలోకి వెళ్లి నిలబడ్డాను.

"ల్యాప్‌టాప్‌లు రావు. మీ బడికి ఇవ్వాలని మొదటి నుంచీ మేం అనుకోలేదు. ఆ రోజు ఆ మాట చెప్పలేకపోయాను. తప్పు నాది."

ఆ అమ్మాయి లేచింది.

"మరి మాకు పరీక్ష ఎందుకు పెట్టిన్రు మేడమ్?"

"ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లకు ఏమైనా లాభం కలిగిందా అని తెలియాలంటే, లేనివాళ్లు ఎలా చదువుతున్నారో కూడా చూడాలి."

"అంటే, మాకు లేకపోతే ఎట్లుంటదో సూసెతందుకా?"

"అవునమ్మా."

ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. కూర్చుని పుస్తకం తెరిచింది. వెనక ఎవరో "నే చెప్పలే, ఇయ్యరని?" అని గొణిగారు. గేటు దాకా వచ్చిన పెద్దసారు, "మీరు వచ్చి చెప్పిన్రు, గదే ఎక్కువ మేడమ్" అన్నారు. ఆ మంచి మాట తీసుకునే అర్హత నాకు లేదనిపించింది.

తర్వాత కంది బడి బీరువాలోని ల్యాప్‌టాప్‌లు కొన్నయినా అక్కడికి పంపించమని ఆఫీసుల చుట్టూ తిరిగాను. అనుమతి వచ్చేసరికి ఆ పిల్లలు పదో తరగతి పరీక్షలు రాసి వెళ్లిపోయారు. అవి ఇప్పుడు వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ వాడుతున్నారు. కొత్త పథకం ఏది రాసినా, పోలిక కోసం ఉంచే బడికి తర్వాతి ఏడాది తప్పకుండా ఇవ్వాలనీ, ఆ సంగతి పిల్లలకు మొదటి రోజే చెప్పాలనీ పట్టుబడుతున్నాను. ఒప్పుకోకపోతే ఆ పని తీసుకోను.

ఆ అమ్మాయి సంగారెడ్డిలో ఇంటర్‌లో చేరిందని పెద్దసారు ఈమధ్య ఫోనులో చెప్పారు. కాలేజీ మా ఆఫీసుకు దగ్గరే. "ఓపారి కలువుండ్రి మేడమ్, సంబురపడ్తది" అన్నారు. ఆ మాట నమ్మాలనే ఉంది. ఇంకా వెళ్లలేదు.