ఇల్లు కొనేముందు డాబాలు చూడాలి

ఇలా వచ్చి కూర్చో. ఆ ఫోను పక్కన పెట్టు. అన్నట్టు, రాసేది దాంట్లోనే కదా! సరే, చేతిలోనే ఉంచుకో, కానీ మధ్యలో ఇంకేవీ చూడకు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివి కలపకు. మనం ఈ ఊరికి ఎలా వచ్చామో మీ తాతయ్యని అడిగితే ఇల్లు ఆయనే వెతికినట్టు చెబుతారు. అందుకే నా నోటితో నేను చెబుతున్నాను. సరిగ్గా విను.

అప్పుడు మనం రాయ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. మీ తాతయ్య గూడ్స్ బండి గార్డు. పెళ్ళయి బొబ్బిలి నుంచి వచ్చింది మొదలు ఆ రెండు గదులే నా ఇల్లు. ఉద్యోగం ఉన్నంతకాలం ఉంటాం, రిటైరైతే ఖాళీ చెయ్యాలి. వచ్చే ఎండాకాలం చివర ఆయన రిటైర్మెంటు. ఇక్కడ దీపావళి కూడా వెళ్ళిపోయింది, ఇల్లు ఇంకా దొరకలేదు. అదీ సంగతి. తలదాచుకోవడానికి సొంత చోటు ఒకటి చూసుకోవాలి, అదీ మా శక్తికి తగ్గది.

ఊళ్ళో కొనడం మా వల్లయ్యే పని కాదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయ్యేసరికి, నిన్నటిదాకా గేదెలు మేసిన జాగాలకి కూడా గేట్లు పెట్టేశారు. ఒకాయన మాకు చూపించిన ఇంట్లో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. "రాత్రి మంచం, పగలు తలుపు" అన్నాను. మీ తాతయ్య నవ్వారు, ఆ మనిషి నవ్వలేదు.

చుట్టాలు ఫోన్లు చేసి, "రిటైరయ్యాక మనవైపు వచ్చేయండి" అనేవారు. ఎందుకు వస్తాను? మీ నాన్న ఉద్యోగం ఇక్కడే. నేను బేరమాడేది హిందీలో, కోపమొస్తే తిట్టేది కూడా హిందీలోనే. బొబ్బిలి వెళితే నన్నే అందరూ చుట్టంలా చూస్తారు. ఉంటే ఇక్కడే, కాకపోతే ఊరి బయట, అనుకున్నాం.

ఆదివారం వస్తే చాలు, స్కూటరెక్కి బయల్దేరేవాళ్ళం. మీ తాతయ్య ఇల్లు చూసే పద్ధతి చెప్పనా? స్కూటర్ దిగి, ఇంట్లోకి అడుగు పెట్టకుండా, వీధిలో నడుమ్మీద చెయ్యేసుకుని నిలబడి చెవులు రిక్కిస్తారు. రైలు కూత వినపడాలి ఆయనకి! అమ్మేవాళ్ళు వంటగది చూపిద్దామని లోపలికి పిలుస్తుంటే ఈయన ఆకాశం వైపు చూస్తూ వింటుంటారు.

"ఇల్లు కొంటున్నారా, స్టేషన్ కొంటున్నారా?" అనేదాన్ని.

"కూత వినపడకపోతే నాకు నిద్రెలాగ పడతాదే? ఇన్నేళ్ళ అలవాటు," అనేవారు.

మంచి ఇళ్ళు రెండు ఆ కూత కోసమే పోయాయి. అప్పుడొచ్చింది సిల్తారా వైపు ఇల్లు. అటంతా ఇనుము కాల్చే ఫ్యాక్టరీలు. వాటికి కొంచెం ఇవతల కొత్త కాలనీలో ఉంది ఆ ఇల్లు. మూడు గదులు, పెద్ద డాబా, ధర మాకు అందేంత దూరంలో ఉంది. మేం వెళ్ళగానే దూరంగా ఒక గూడ్స్ బండి కూత వేసింది. అంతే, మీ తాతయ్య మొహం చూడాలి! పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంత వెలిగి ఉండదు.

బ్రోకరు గట్టివాడు. "మాతాజీ, ఇంత డాబా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? గాలి చూడండి, గాలి!" అని హిందీలో ఊదరగొట్టేశాడు. నేను గాలి చూడలేదు, నేల చూశాను. డాబా తడిగా ఉంది. వాన లేదు, ఏమీ లేదు. మూల బకెట్టూ చీపురూ ఉన్నాయి. సరే, శుభ్రం చేశాడు కాబోలు అనుకున్నా. తరవాతి వారం వెళ్ళినప్పుడు కూడా తడే. మళ్ళీ బకెట్టు. కొనేవాళ్ళు వచ్చిన ప్రతిసారీ కడుగుతున్నాడంటే, అక్కడ పడుతున్నది ఏదో ప్రతిరోజూ పడుతోందన్నమాట. చుట్టూ డాబాలు చూశాను. ఎండ నిండుగా ఉంది, ఒక్కదాని మీదా అప్పడం లేదు, మిరపకాయ లేదు, చివరికి ఒక చీర కూడా ఆరేసి లేదు.

ఇంటికి రాగానే చెప్పాను. మీ తాతయ్య ఒప్పుకుంటేగా! "నీకు అన్నిట్లోనూ అనుమానమే. వచ్చే ఆదివారం బయానా ఇచ్చేద్దాం," అన్నారు. బయానా అంటే మాట ఖాయం చేసుకోవడానికి ముందిచ్చే డబ్బు. అది చేతులు మారితే ఇంక అంతే.

సరే, వాదించడమెందుకు? పండరీ బట్టల బజారుకెళ్ళి కొత్త తెల్లగుడ్డ చింపించుకొచ్చాను. పాత పంచె వాడితే, పంచె మురికిదంటారు ఆయన. బూడిదగుమ్మడికాయ తరిగి, ఉప్పు రాసి, మూటగట్టి రోలు కింద పెట్టాను. పొద్దున్నే మినప్పిండి రుబ్బి, పచ్చిమిర్చీ ఇంగువా కలిపి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆటోలో సిల్తారా వెళ్ళాను. బ్రోకరుని డాబా తాళం అడిగాను.

"ఏమైనా పూజా మాతాజీ?" అన్నాడు గిన్నె చూసి.

"పూజకన్నా ముఖ్యం. మా ఆంధ్రావాళ్ళం వడియాలు పెట్టకుండా ఇల్లు కొనం," అన్నాను. అప్పటికప్పుడు పుట్టించాను ఆ ఆచారం, కానీ ఎంత మంచి ఆచారమో చూడు! "ఇంకోటి, ఇవాళ నేల కడగొద్దు," అన్నాను. వాడి మొహం కొంచెం మారింది.

గుడ్డ తడిపి పరిచి, వరసగా వడియాలు పెట్టి, గొడుగేసుకుని పక్కనే కూర్చున్నాను. కాకుల్ని తోలడానికి కూర్చున్నాను గానీ, కాకి కూడా రాలేదు. మధ్యాహ్నానికి వడియాల మీద నలుసులు. సాయంత్రానికి నువ్వులద్దినట్టు ఉన్నాయి. గుడ్డ మీద వేలు పెట్టి గీస్తే గీత తెల్లగా పడింది.

రెండురోజులు మన క్వార్టర్లో, గదిలోనే ఆరబెట్టి, శనివారం మధ్యాహ్నం వేయించాను. పప్పూ అన్నం వడ్డించి, పక్కన ఆ వడియాలు వేశాను. మీ తాతయ్యకి వడియం ఉంటే కూర అక్కర్లేదు. నోట్లో వేసుకుని కొరికారు. కరకరలాడాల్సింది కసకసమంది.

"ఏటే ఇది? ఇసుక పడ్డాదా?"

"ఇసుక కాదండీ, మీ సిల్తారా ఇల్లు. ఇంకోటి వెయ్యమంటారా?"

"ఓ పూట వడియాల్లో నలుసు పడ్డాదని అంత ఇల్లు వొగ్గేసుకుంటావా?"

"వడియం మీద పడింది గనక కనబడింది. మీ గుండెల్లో పడితే ఏ గుడ్డ పరిచి చూడను? ఒక్క పగలు కూర్చుంటే ఇంత. మిగిలిన జీవితమంతా కూర్చుంటే?"

మీ తాతయ్య పంటి కింద ఉన్నది వేలితో తీసి కంచం అంచుకి రాశారు. నల్లగా ఉంది. దాన్ని చూస్తూ మిగతా అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కుని బ్రోకరుకి ఫోన్ చేసి, "భయ్యా, నహీ జమేగా," అన్నారు, కుదరదని. ఎందుకని వాడడిగితే, "మా ఇంట్లో పూజ కుదరలేదు," అన్నారు. నేను వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

గెలిచాను బాగానే ఉంది, ఇల్లేది? ఉర్లా వైపు ఇంకా చవకంటే, అదీ ఫ్యాక్టరీల చోటే, నేను గిన్నె ఎత్తకుండానే వద్దన్నాను. అప్పుడే నాకు బుర్రలో వెలిగింది. ప్రతి ఇంటికీ వడియాలు మొయ్యడమెందుకు? అక్కడివాళ్ళ డాబాలు చూస్తే పోలా?

ఈసారి మందిర్ హసౌద్ వైపు బస్సెక్కాం. కిటికీ పక్క నేను కూర్చున్నాను. ఒక్కో ఊరూ దాటుతుంటే ఇళ్ళు చూడటం మానేసి డాబాలు చూస్తున్నాను. ఈ ఊరు వచ్చేసరికి, తల్లీ, నువ్వు నమ్మవు, ఏ డాబా చూసినా తెల్లగా వడియాలే! "దిగండి, దిగండి," అన్నాను. "స్టాప్ ఇంకా రాలేదే!" అంటున్నారు ఆయన. బస్సాపించేశాను.

వీధి చివరి ఇంట్లో ఒకావిడ మెట్ల మీద కూర్చుని పిండి గిలకొడుతోంది. నేను డాబా వైపు నోరు తెరుచుకుని చూస్తుంటే, "కా దేఖత్ హస్ దీదీ?" అంది, ఏం చూస్తున్నావక్కా అని. అవేమిటని అడిగాను. "రఖియా బరీ" అంది. ఛత్తీస్‌గఢీ వాళ్ళకి రఖియా అంటే బూడిదగుమ్మడికాయే. మన వడియమే, అచ్చంగా! గిన్నె దగ్గరికెళ్ళి వాసన చూసి, "ఇంగువ తగ్గింది" అన్నాను. "నువ్వొచ్చి వెయ్యి అయితే," అంది. వాళ్ళ పక్కిల్లే అమ్మకానికుంది. రెండే గదులు, వెనక ఖాళీ జాగా. సిల్తారా ఇంటికన్నా చిన్నదే. కానీ డాబా మీద చెయ్యి పెట్టి రాస్తే చెయ్యి చెయ్యిలాగే ఉంది.

మీ తాతయ్య మాత్రం వీధిలోనే, నడుమ్మీద చెయ్యేసుకుని. మొహం వేలాడిపోయింది. "ఇక్కడేటీ వినపడదే," అన్నారు. ఆవిడ టీ పెట్టింది. గ్లాసు చేతిలో పట్టుకున్న మనిషి ఉన్నట్టుండి, "ష్!" అన్నారు. గడియారం చూసుకున్నారు. "మనవైపు పోయే పాసింజరు. వినపడిందా?"

"నాకేం వినపడలేదు," అన్నాను.

"నీకు చెవులుంటే కదా!" అని, గబగబా లోపలికెళ్ళి వంటగది చూడటం మొదలుపెట్టారు.

ఈనాటి వరకూ నాకా కూత వినపడలేదు. ఆయనకి రోజూ వినపడుతుంది. ఎండలు ముదరకముందే ఇక్కడికొచ్చేశాం, క్వార్టర్ తాళాలు దర్జాగా ఇచ్చేసి. తరవాత కొత్త రాయ్‌పూర్ కూడా ఇటువైపే కట్టడం మొదలుపెట్టారు, ఇప్పుడు మన వీధిలో కొనాలంటే మనమే కొనలేం. రైల్వేవాళ్ళు ఎవరు రిటైరవుతున్నా ఇప్పుడు నాకే ఫోన్ చేస్తారు, ఎటువైపు చూడమంటారు పిన్నీ అని. బ్రోకరు మాట వినకండి, తలెత్తి డాబాలు చూడండి, అంటాను. మొన్న ఒకతను అడిగాడు, ఇప్పుడెవరూ వడియాలు పెట్టడం లేదు కదా, ఎలా తెలుస్తుందని. దానికీ ఉంది నా దగ్గర ఉపాయం. ఏం లేదు, ఒక కొత్త తెల్లగుడ్డ తీసుకుని...

మీ అమ్మ పిలుస్తోందా? వస్తున్నానమ్మా, వడ్డించు, మీ మావయ్యకి వడియాలు ముందే వెయ్యకు, మెత్తబడిపోతాయి! నువ్వు రాయి తల్లీ, గుడ్డ తడిపి డాబా మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, సాయంత్రం దాకా ఎవర్నీ నేల కడగనివ్వకూడదు.