శుక్రవారం చెడే ఆంప్లిఫైయర్

2023లో దసరా అయిన కొత్తలో జరిగిందిది. బెంగళూరు కె.ఆర్.పురంలో, రైల్వే స్టేషనుకు దగ్గర్లో, కార్లకు మ్యూజిక్ సిస్టమ్ బిగించే అంగడి నాది. స్పీకరు మీద చెయ్యి పెడితే చాలు, జబ్బేమిటో చెబుతానని కొంచెం పొగరు కూడా ఉండేది. అది వెంకటేశప్పగారి కారుతో దిగింది.

ఆయన ఊరికి ఇంకో కొసన ఉన్న జిగణిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. రోజూ అంత దూరం వెళ్లి రావడమంటే సగం జీవితం సిగ్నళ్ల దగ్గరే గడుస్తుంది. దారికి తోడుగా పాత పాటలుండాలని నాలుగు స్పీకర్లు, పక్క సీటు కింద ఒక ఆంప్లిఫైయర్ పెట్టించుకున్నారు. ఆంప్లిఫైయర్ అంటే పాటకు బలం పెంచి స్పీకర్లకు పంపే పెట్టె. దానికి తిప్పే నాబ్‌లుంటాయి. వాటిలో ముఖ్యమైనది గెయిన్. చాలామంది అది వాల్యూమ్ అనుకుంటారు, కాదు. ప్లేయర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను ఎంత మేరకు పెంచుకోవాలో ఆంప్లిఫైయర్‌కు చెప్పేది అదే. మితిమీరి తిప్పితే ఎంత తీయని గొంతైనా రేకు డబ్బాలా మోగుతుంది. నేను చెవి పెట్టి విని, నిదానంగా సరిచేసి పంపించాను.

మరుసటి శనివారం ఆయన మళ్లీ వచ్చారు.

"ఏమప్పా, నిన్న పొద్దున దాకా బంగారంలా పాడింది. ఇప్పుడు సుమ్నే, ఊరికే అరుస్తా ఉండాది."

చూస్తే గెయిన్ చివరిదాకా తిరిగి ఉంది. రోడ్డు గుంతలకు కదిలిందనుకున్నాను. బెంగళూరులో ఏ తప్పునైనా గుంతల మీదికి నెట్టేయవచ్చు. సరిచేసి పంపాను. పై శనివారం మళ్లీ అదే గోల.

"ఇంట్లో ఎవరైనా తిప్పుతున్నారా అన్నా?" అని అడిగాను.

"ఎవరు తిప్పుతారప్పా? ఉండేది మేమిద్దరం. మా ఆమె పాట పెట్టేదే లేదు. శుక్రవారం వస్తే దీనికి ఏమో అయితాది."

నాబ్ లూజుగా ఉందేమోనని ఆంప్లిఫైయరే మార్చేశాను. కొత్తదానిదీ అదే తంతు. దాని మీద కుంకుమ బొట్లు నా కంట పడకపోలేదు. కానీ ఆ కారులో స్టీరింగుకు, గేరుకు, చివరికి జాకీకి కూడా బొట్టుంది. మా అంగడిలో కటింగ్ ప్లేయరుకూ పెడతాం. అందులో వింతేముంది?

ఈసారి ఆయన వెంట భార్య రత్నమ్మగారు కూడా వచ్చారు.

"తీసెయ్యప్పా దాన్ని. ఈయనకు పాటకన్నా బేజారే ఎక్కువైపోయింది. శనివారం మార్కెట్టుకు పోదామంటే ఇక్కడికే వస్తాడు."

వెంకటేశప్పగారు కారు దిగనే లేదు. స్టీరింగు పట్టుకుని అట్లే కూర్చున్నారు. సోమవారం నుంచి జిగణి దాకా హారన్లు వింటూ పోవాలి కదా అని నాకు నిజంగా జాలేసింది. కడసారి వినిపిద్దామని గెయిన్ సరిచేసి, ఆయనకిష్టమైన పాట పెట్టాను. చక్కగా పాడింది. మనసొప్పక పోయినా స్క్రూడ్రైవరు తీశాను.

"ఉండప్పా," అన్నారు రత్నమ్మగారు. "ఇన్నాళ్లు మన దగ్గర ఉన్నింది. తుడిచి బొట్టు పెట్టి పంపిస్తా. ప్రతి శుక్రవారం చేసేదే."

సంచీలోంచి తడిగుడ్డ, కుంకుమ భరిణె తీసి సీటు పక్కన కూర్చున్నారు. చంటిబిడ్డ ముక్కు తుడిచినట్టు ఒక్కొక్క నాబ్‌నూ చుట్టూ తిప్పి తిప్పి శ్రద్ధగా తుడిచారు. గెయిన్ దగ్గరికొచ్చేసరికి పాట గీమని అరిచింది.

ముగ్గురమూ ఆమె వేళ్ల వంక చూశాం. వెంకటేశప్పగారు ఏదో అనబోయి, భార్య ముఖం చూసి, అద్దం సరిచేసుకున్నారు.

"అట్లయితే ఇన్నాళ్లూ ఇది నా పనా?" అన్నారావిడ.

"మీ తప్పేం లేదక్కా," అన్నాను.

"నాదెందుకు అయితాది? బిగించేటప్పుడే బొట్టు ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పల్లా కదా?"

నేను సామాన్ల డబ్బా తెరిచాను. నాబ్‌ల మీద ఒక ప్లాస్టిక్ మూత బిగించాను. ఆవిడ దాని నడిమధ్యన పెద్ద బొట్టు పెట్టారు.

తర్వాతి శనివారం ఆ కారు మా అంగడి ముందు ఆగలేదు. అద్దాలు దించి, పాట వినిపించి, ఇద్దరూ మార్కెట్టు వైపు వెళ్లిపోయారు.

అప్పటినుంచి ఎవరి కారైనా సరే, చివరి స్క్రూ బిగించే ముందు ఇంట్లో పూజ చేసేదెవరో కనుక్కుని, వాళ్లనే అడుగుతాను, "దీనికి బొట్టు ఎక్కడ పెడతారు?" అని.