ఖాళీ కొక్కెం

మా ఎవాల్డ్ కుబియాక్ పెద్ద మొనగాడేమీ కాదు. జర్మనీలోని రూర్ ప్రాంతంలో మా ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపేవాడు. ఆదివారం పావురాల పందేలు, మిగతా రోజులు పందికొవ్వు రాసిన రొట్టె, ఎప్పుడూ నోటిదురద. అంతే మనిషి.

నాజీలు వచ్చాక ప్రతి సోమవారం పొద్దున్నే షెడ్డులో జెండా వందనం పెట్టారు. అందరూ కుడిచెయ్యి చాచి నాయకుడికి జేజేలు కొట్టాలి. కొట్టించేవాడు లోమేయర్. చెమట పడుతుందని జన్మలో కొలిమి దగ్గరికి రాని సన్నాసి. పార్టీ బిళ్ల తగిలించుకోగానే మాకు దొరైపోయాడు. థూ!

ఎవాల్డ్ ఒక్కడే చెయ్యెత్తేవాడు కాదు. బరువు గాల్లో ఉన్నంతసేపు క్రేను నడిపేవాడు మీటల మీంచి చేతులు తియ్యకూడదని గోడమీద రూలు రాసుంది. అందుకని జెండా ఎక్కే వేళకి నేను కింద కొక్కేనికి నాలుగు టన్నుల ఇనుప దిమ్మ తగిలించేవాణ్ణి. వాడు పైకి లేపి పట్టుకునేవాడు.

"ఏరా కుబియాక్! చెయ్యి పడిపోయిందా?" అని అరిచేవాడు లోమేయర్.

"అయ్యో, ఎత్తుతానండీ! తమరొచ్చి ఈ దిమ్మ కింద నిలబడండి, రెండు చేతులూ ఎత్తేస్తా!"

షెడ్డంతా కిసుక్కుమనేది. ఆ వెధవ మొహం కందగడ్డలా అయ్యేది. రెండేళ్లు ఇలాగే సాగింది.

ఒక సోమవారం లోమేయర్ నా భుజమ్మీద చెయ్యేశాడు.

"ఆంటన్, ఇవాళ ఏమీ తగిలించకు. తగిలించావో, వాడితోపాటు నువ్వూ ఎక్కుతావు." గేటు దగ్గర పోలీసు వ్యాను ఆగి ఉంది.

కొక్కెం నా ముందుకి దిగింది. దిమ్మకి కట్టే గొలుసు నా చేతిలోనే ఉంది.

"ఒరేయ్ ఆంటన్, నిద్రపోతున్నావా? తగిలించరా!" పైనుంచి ఎవాల్డ్ కేకేశాడు.

నేను తగిలించలేదు. జెండా లేచింది. అందరితోపాటు నా చెయ్యీ లేచింది. ఎవాల్డ్ ఖాళీ కొక్కెం కేసి, నాకేసి చూశాడు. మీటలు వదిలి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

అక్కణ్ణుంచే తీసుకుపోయారు. ఏడాదికి ఖైదీల శిబిరం నుంచి వాడి పెళ్లాం హెడ్విగ్‌కి ఒక కాగితం వచ్చింది. వాడు రాలేదు.

యుద్ధంలో ఓడిపోయాక లోమేయర్ బిళ్ల పీకి పారేసి నా గుమ్మంలోకి వచ్చాడు. తాను మంచివాడినని, ఇప్పుడు మా ఊరు ఏలుతున్న ఇంగ్లీషు అధికారులకి చూపించడానికి నా సంతకం కావాలట. సిగ్గులేని జన్మ! తలుపు మొహాన వెయ్యబోయాను.

"అదేంట్రా ఆంటన్, పరాయివాడిలా చూస్తావు? ఆ సోమవారం నా మాట విన్నది నువ్వే కదా!" నవ్వుతూ కలం చాపాడు.

కలం పుచ్చుకోలేదు. కానీ వాడి మొహాన ఉమ్ముదామంటే, నా నోట్లో తడి లేదు.