పుస్తకాలు గేటు దగ్గరే ఉండిపోయిన రోజు

సహోదరులారా, అక్కలారా, యేసయ్య నామంలో మీకందరికీ వందనాలు. నా పేరు కరుణ, మాది సూళ్లూరుపేట. పోయినేడు నేను ఈ మందిరంలో చివరి వరసలో తల దించుకుని కూర్చునేదాన్ని, ఎందుకంటే లా చదివి, నల్లకోటు కుట్టించుకుని, లాయరునని ఊరంతా చాటుకుని, దేశమంతటికీ కలిపి పెట్టే బార్ పరీక్షలో రెండుసార్లు తప్పాను. లాయరుగా నమోదైన రెండేళ్లలో అది పాసవకపోతే కోర్టులో వాదించే అర్హత పోతుంది. ఇక మిగిలింది ఒక్క అవకాశమే!

ఆ పరీక్షకు చట్టాల పుస్తకాలు తీసుకెళ్లనిస్తారు. చూసి రాసే పరీక్ష కూడా తప్పావా అని మా చిన్నత్త అడిగితే నాకు అన్నం సహించలేదు. ప్రశ్న సగం చదవగానే పుస్తకం తెరిచేదాన్ని, పేజీలు తిప్పుతూ ఉండగానే సమయం అయిపోయేది.

మనం బైబిలు ఎలా చదువుతాం? చేతిలో పెన్ను లేనిదే చదవం, వాక్యం కింద ఎర్రగీత, పక్కన పాస్టరుగారు చెప్పిన మాట. ఈసారి చట్టాల పుస్తకాలనూ అలాగే చదివి, ప్రతి సెక్షన్ పక్కనా నా మాటల్లో అర్థం రాసి నింపేశాను. రాతలున్న పుస్తకాలు తేకూడదన్న నిబంధన చదివాను కూడా, కానీ లాయరును కదా, అర్థాలు రాసుకుంటే తప్పు కాదులే అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను!

పొద్దున్నే రైలెక్కి చెన్నై వెళ్లాను. గేటు దగ్గర తనిఖీ చేసే ఆవిడ పుస్తకాలు తెరిచి, "అంతా రాసుండారే, లోపలికి వదలమమ్మా" అంది. ఏడ్చాను, బతిమాలాను. మూడు పుస్తకాలూ అక్కడే ఉండిపోయాయి.

లోపల కూర్చుని కళ్లు మూసుకున్నాను. "తండ్రీ, తప్పు నాదే, పొగరు నాదే. అయినా ఆయమ్మ మనసు మార్చు, నా పుస్తకాలు నాకిప్పించు. అవి లేకుంటే నేనేం చేసేది నాయనా?"

పుస్తకాలు రాలేదు, ప్రశ్నపత్రం వచ్చింది. తిప్పడానికి పేజీలు లేవు గనుక మొదటిసారి ప్రశ్నను చివరిదాకా చదివాను, చదివితే సహోదరులారా, జవాబు తెలుసు! తరువాతిదీ తెలుసు! నా చేత్తో రాసుకున్న మాటలే ఒకటొకటిగా గుర్తుకొచ్చాయి, తెలియనివి వదిలేసి ముందుకు సాగాను.

పాసయ్యాను. దేవునికే మహిమ!

అడిగింది ఇవ్వలేదని ఆయన మీద అలిగి ప్రార్థన మానేసినవాళ్లు మీలో ఉంటే, ఈరోజే మళ్లీ మోకరించండి, ఆయనను నమ్మండి. ఆ ఉదయం నా మొర విని పుస్తకాలు ఇప్పించి ఉంటే నేను మూడోసారీ తప్పేదాన్ని. ఇవ్వనందుకు ఆయనకు వేలవేల స్తోత్రాలు!