వద్దన్న మాటల్లో కర్నూలు

ఆ రోజు మానవపాడులో, వాళ్ల షాపులోనే, భర్త ఆమెను మా ముందు తిడుతుంటే, తప్పు ఆమెది కాదు, నాదని నేను చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. మింగేశాను.

వనపర్తిలో ఉండి నాగర్‌కర్నూల్, గద్వాల వైపు చిన్న దుకాణాలకు ఇంటర్నెట్‌లో ప్రకటనలు పెట్టడం నా పని. ఫోన్‌లో ఎవరైనా వెతికితే మా దుకాణం పైన కనిపించాలి. నొక్కిన ప్రతిసారీ దుకాణదారుకు ఖర్చు. అందుకే కొనడానికి రానివాళ్లు వాడే మాటలను ముందే పక్కన పెడతాం. 'ఉద్యోగాలు', 'ఉచితం' లాంటివి. ఆ మాటతో వెతికినవాళ్లకు మన ప్రకటన కనబడదు. వీటినే నెగటివ్ కీవర్డ్స్ అంటారు. నేను వద్దన్న మాటలు అంటాను.

వనపర్తిలో ఒక కళ్లద్దాల షాపుకు 'కర్నూలు' అలాంటి మాటే. నదులు దాటి అక్కడి నుంచి ఎవరు వస్తారు? తర్వాత మానవపాడులో బోరు మోటర్లకు వైండింగ్ చేసే భార్యాభర్తల షాపుకు ఖర్చు తగ్గిద్దామని, బద్ధకం కొద్దీ అవే మాటలు ఉన్నవి ఉన్నట్టు దింపేశాను. నాకు కర్నూలు పక్క రాష్ట్రం. మానవపాడు వాళ్లకు పొద్దున పోయి అన్నం వేళకు తిరిగొచ్చే ఊరు. ఏది వెతికినా ఆ పేరు కలపడం వాళ్ల అలవాటు. అది నాకు తట్టలేదు.

షాపుకు ఫోన్లు పడిపోయాయి. అదీ ఎండలు ముదిరి మోటర్లు కాలే రోజుల్లో. ఏమైందో చూద్దామని బయలుదేరాను. హైవే మీద బస్సు దిగి షేర్ ఆటో ఎక్కితే, పక్కన ఒక రైతు. కాళ్ల మధ్య కాలిన మోటరు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "మోటరు వైండింగ్, కర్నూలు సైడు" అన్నాడు. తొంగి చూశాను. అన్నీ వచ్చాయి, మాది తప్ప.

ఆ 'కర్నూలు'ను వద్దన్నది నేనే. "మానవపాడులనే షాపున్నది పెద్దాయనా, పా" అని వెంటబెట్టుకుని పోయాను.

మేము వెళ్లేసరికి షాపతను భార్య మీద అరుస్తున్నాడు. ఫోన్లు ఎత్తేది ఆమే.

"ఇగో అన్నా, నువ్వే చెప్పు. ఫోనెత్తి, ఎట్ల కాలింది, నీళ్లు లేని బోర్ల నడిపినవా అని పోలీసోళ్ల లెక్క అడుగుతది. గిట్లయితే ఎవడొస్తడు?"

"అడగకుంటే విప్పినంక నువ్వే పరేషానైతవ్" అందామె.

బల్ల మీద కూర్చున్న రైతు నవ్వాడు. "మా ఇంట్ల గీ అడుగుడు గూడ ఉండదు తమ్మీ, సీదా తిట్లే."

ఆటోలో వెతికితే ఈ షాపు రాలేదన్న సంగతి ఆయన బయటపెడతాడేమోనని ఆయన వైపే చూశాను. పెట్టలేదు. నా తప్పని తెలిస్తే ఈ షాపు పని నాకు పోతుంది, మాట గద్వాల దాకా పాకుతుంది. ఆ భయంతో నేనన్న మాట ఇది: "కొన్ని రోజులు ఫోన్ నువ్వే ఎత్తి చూడు తమ్మీ."

ఆమె ఫోన్ తెచ్చి భర్త ముందు పెట్టింది.

తిరుగు బస్సులోనే వద్దన్న మాటల్లోంచి కర్నూలును తీసేశాను. ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. అతను నాకు ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు: "చూసినవా అన్నా, ఆమె ఫోన్ పక్కకు పెట్టంగనే గిరాకి!" ఆమె మిరపకాయలు తెంపే కూలికి పోతోందని కూడా చెప్పాడు. షాపులో తనకేం పని అన్నదట. ఆమె చెయ్యని తప్పుకు నేనే సాక్ష్యం పుట్టించానని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత అతని పేరు ఫోన్‌లో కనబడితే ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు.

చివరికి మళ్లీ వెళ్లాను. అతను రాగి తీగ చుడుతున్నాడు. కూలి లేదేమో, ఆమె సద్ది తెచ్చి గడప దగ్గర నిలబడింది. ఇంతలో ఫోన్ మోగింది. ఆమె చెయ్యి అటు పోయి, సగంలో ఆగి, కొంగులోకి వెళ్లిపోయింది.

ఇక ఆగలేకపోయాను.

"చెల్లె, నీ మాటతోని గిరాకి పోలే. నేను కర్నూలు పేరు వద్దని పెట్టిన, అందుకే మన షాపు ఎవ్వరికీ కనపడలే. ఆ రోజు నాకు తెలుసు. తెలిసి గూడ తప్పు నీ మీదికి పోనిచ్చిన. నన్ను మాఫ్ చెయ్యి."