రేపల్లెలో రాసిన యాప్

పోయిన గురువారం మా సార్ పోయారు. రోజూ తెనాలి నుంచి రైల్లో రేపల్లె వచ్చి, మందులషాపు పైగదిలో మాకు ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడం నేర్పిన సార్.

నేను చేరిన రోజున ఒకమ్మాయి తండ్రి, "ఇవన్నీ హైదరాబాద్‌లో నేర్చుకోవాలి కదండీ" అన్నారు.

"రేపల్లెలో ఫోన్లు పనిచేస్తున్నాయాండి? పనిచేసేచోట రాయలేమా ఏంటి?" అన్నారు సార్.

తొలి పాఠంలో కోడ్ లేదు. నన్ను ఏదైనా కథ చెప్పమన్నారు. కాన్వెంట్ చదువు నాకు పుస్తకాలిచ్చింది గానీ గొంతు ఇవ్వలేదు. ఎలాగో మొదలుపెట్టాను. సగంలో ఆపి, కాసేపు గది బయట నిలబెట్టి, మళ్లీ పిలిచారు.

"ఎక్కడిదాకా చెప్పావమ్మా?"

గుర్తు రాలేదు.

"యాప్ బతుకూ ఇంతే. ఫోన్ పక్కకి తప్పుకోమంటే తప్పుకోవాలి, రమ్మంటే రావాలి. వెళ్లేముందు ఎక్కడున్నామో రాసిపెట్టుకోవాలి."

విన్నాను, మరిచిపోయాను. బాపట్లలో చేపలమ్మే మా అత్తయ్య కోసం నా మొదటి యాప్ రాశాను. ఏ ఇంటికి ఏ చేప కావాలో అందులో ఎక్కించుకోవచ్చు. మార్కెట్లో అందరిముందూ అత్తయ్య ఏడిళ్లవి ఎక్కించి, అక్షరాలు పెద్దగా కనపడతాయని ఫోన్ అడ్డంగా తిప్పింది. తెర ఖాళీ.

"ఏమ్మే కాన్వెంటూ, చేపలన్నీ ఎటు ఈదుకుంటూ పోయాయే?" అని పక్క బుట్టావిడ. అందరూ నవ్వారు.

ఇక క్లాసుకి రానని సార్‌కి ఫోన్ చేశాను. ఆదివారం ఆయనే బాపట్ల మార్కెట్‌కి వచ్చారు. ఫోన్ తిప్పినప్పుడు తెర మొత్తం మళ్లీ కొత్తగా తయారవుతుందనీ, రాసినవి దాచమని నేను చెప్పలేదనీ చూపించారు. తడినేల మీద బల్లేసుకుని లాప్‌టాప్‌లో నాలుగైదు లైన్ల కోడ్ రాశాను. అత్తయ్య ఏడిళ్లవీ మళ్లీ ఎక్కించింది.

"ఇప్పుడు తిప్పండమ్మా, ఎన్నిసార్లయినా!" అన్నారు సార్, ఆ పక్క బుట్టావిడతో. ఆవిడ పంతంగా తిప్పుతూనే ఉంది. ఏడిళ్లూ కదల్లేదు.

"సిగ్గుపడితే పడు, అడగడం మాత్రం మానకు" అనేవారు నాతో.

సార్ దినాలు కాకముందే గది యజమాని తాళం అడిగారు. "ఇప్పుడు కోడ్ మెషీన్లే రాస్తున్నాయటగా అమ్మాయ్. ఇంకా ఈ క్లాసులెందుకు? అయినా చెప్పేదెవరు?"

"నేనండి."

"ఏంటి?"

మళ్లీ చెప్పాను, ఈసారి మెట్ల కిందికి వినపడేలా. "నేనే చెప్తానండి. సోమవారం క్లాసుంది."

సోమవారం నలుగురొచ్చారు. మధ్యాహ్నానికి ఒక పిల్ల మొదటి యాప్ ఆమె ఫోన్లో తెరుచుకుంది. తెరమీద ఆమె పేరు, కింద ఒక బటన్. నొక్కితే ఏం జరగాలో ఇంకా రాయలేదు. అయినా ఆ పిల్ల నొక్కుతూనే ఉంది.