తెల్లమచ్చకు తెల్లరంగు చాలదు

మా సూర్యాపేటలో నేను గీసిన బొమ్మ చూసిన ప్రతివాళ్లూ ఒకటే మాటంటారు. "అబ్బ, అచ్చం ఫోటో లెక్కనే ఉన్నది!" వాళ్లకది పెద్ద మెచ్చుకోలు. నాకు ఒళ్లు మండుతుంది. ఫోటోలాగే కావాలంటే ఫోటోనే తీయించుకోవచ్చు కదా, నా దగ్గరికెందుకు? నేను మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీస్తాను. కిటికీలోంచి వచ్చే వెలుతురు తప్ప వేరే లైటు పెట్టను. కనిపించింది తీసెయ్యను, కనిపించనిది చేర్చను. "గింత మొండితనమైతే ఎట్ల బతుకుతవే?" అని మా అక్క ఇప్పటికీ తిడుతుంది. బతుకుతూనే ఉన్నాను.

మా వైపు మనిషి పోయాకే గోడకెక్కుతాడు. దినాల నాటికి పాత ఫోటో ఒకటి వెతికి పెద్దది చేయిస్తారు. చేసేవాడు ముఖం తెల్లబరిచి, మెడలో లేని గొలుసు వేసి మరీ ఇస్తాడు. నల్లగా నిగనిగలాడిన మా నాయన మా గోడ మీద గోధుమరంగులో ఉన్నాడు. చూసినప్పుడల్లా ఆ రంగు వేసినవాణ్ణి నాలుగు తిట్టాలనిపిస్తుంది.

అందుకే మిర్యాలగూడ రైస్‌మిల్లు వాళ్ల పెద్దామెను గీయమని ఆమె కొడుకు అడిగినప్పుడు ఎగిరి గంతేశాను. బతికున్న మనిషి! కొడుకు కోదాడలో కొత్త ఇల్లు కట్టుకున్నాడట, హాల్లో అమ్మ బొమ్మ పెట్టుకుంటాడట.

మిల్లు వెనకే వాళ్ల ఇల్లు. మొదటి రోజు ఆమె ముఖమంతా రంగు పూసుకుని వచ్చి కూర్చుంది. పెదవుల చుట్టూ ఆ పూత మందంగా తెలుస్తోంది. "పెద్దమ్మా, జర ముఖం కడుక్కొని రాండ్రి," అన్నాను. నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పెదవుల చుట్టూ, ఎడమ కనురెప్ప మీదా బొల్లి మచ్చలు బయటపడ్డాయి.

"ఇగ సూడు, నీ ఖర్మ," అంది.

ఆ మచ్చలు నన్ను ముప్పుతిప్పలు పెట్టాయి. తెల్లగా ఉన్నాయి కదా అని తెల్లరంగు పెడితే ముఖానికి సున్నం అంటినట్టు వచ్చింది. గీకేసి మళ్లీ చూశాను. అందులో తెలుపు తక్కువే. గులాబీ ఉంది, పసుపు ఉంది, అంచుల్లో కాస్త బూడిద ఉంది. ఆమె నవ్వితే గులాబీ పెరిగేది. అది పట్టుకున్న పూట సంతోషం పట్టలేక వాళ్ల వంటింట్లోకి వెళ్లి నేనే చాయ్ పెట్టుకుని తాగాను.

బొమ్మ సూర్యాపేటలోని నా గదిలో పూర్తిగా ఆరాక తల్లీకొడుకులు వచ్చారు. కొడుకు చూడగానే ముఖం మాడ్చుకున్నాడు. "మేడం, అంతా బాగుంది గానీ ఆ మచ్చలు తీసెయ్యండి. కోదాడ స్టూడియో వాళ్లయితే ఒక్క నిమిషంలో తీసేస్తారు."

"అయితే వాళ్లనే అడుగు. నేను తియ్యను."

"అమ్మా, నువ్వు చెప్పు."

ఆమె నా పక్షాన మాట్లాడుతుందని ఎంత నమ్మకమో నాకు! "కమ్మెయ్యి బిడ్డా," అంది. "పెండ్లయిన కొత్తల్నే వచ్చినయ్. అప్పటిసంది రంగు పుయ్యకుండ గడప దాటలె. నీ బొమ్మల నన్ను నలుగుట్ల నిలబెడ్తవా?"

"గివి తీస్తే మీ బొమ్మ కాదు పెద్దమ్మా."

"నా ముఖం మీద నీ పెత్తనమేంది?"

గట్టిగానే తగిలింది. ముఖం ఆమెదే, కాదనను. చెయ్యి మాత్రం నాది. ఆమె చెంప రంగు కలిపి, కుంచె ఆమె చేతికిచ్చాను. "మీ ముఖం, మీ ఇష్టం. నేనైతే వెయ్య. మీరే వేస్కోండ్రి."

వెయ్యదనుకున్నాను. వేసింది! ఏళ్ల తరబడి అద్దం ముందు చేసిన పని, రంగు ఎక్కడా అంచు దాటలేదు. పెదవుల చుట్టూ, కనురెప్ప మీదా ఉన్న మచ్చలు చూస్తుండగానే మాయమయ్యాయి. నాకు ఏడుపొచ్చింది, పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. కొడుకు "సూపరమ్మా!" అన్నాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి చూసింది. మళ్లీ దగ్గరికి వెళ్లి చూసింది. తన పెదవులు వేలితో తడుముకుంది.

"గుడ్డేది?" అంది నాతో.

రంగును కరిగించే టర్పెంటైన్‌లో ముంచి ఇచ్చాను. పచ్చిగా ఉన్న రంగును ఆమే నెమ్మదిగా, ఒత్తి ఒత్తి తుడిచేసింది. కింద ఎప్పుడో ఆరిపోయిన నా గులాబీ, నా పసుపు చెక్కుచెదరలేదు.

"అమ్మా, చుట్టాలేమనుకుంటారు?" అన్నాడు కొడుకు.

ఆమె గుడ్డ నా చేతిలో పెట్టి అతనివైపు తిరిగింది. "ఎవలో తెల్వని ఆడామెను తీస్కపోయి నీ హాల్ల పెట్టుకుంటవారా?"